తుమ్మకంప అడ్డం పెట్టిన చిరునామా

పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళు ఉందనగా, ఒక జూన్ ఒకటో తారీకున నన్ను పరీక్షల విభాగం నుంచి విదేశీ విద్యార్థుల విభాగానికి సూపరింటెండెంటుగా మార్చారు. గుంటూరుకు దగ్గర్లో ఉన్న మా విశ్వవిద్యాలయంలో అప్పుడు ఇరవై మూడు దేశాల పిల్లలు చదివేవారు. వాళ్ళందరి భవితవ్యం నా కలం మొన మీద ఉండేది. నిజానికి దేశాలు తొమ్మిది. కలం మొన మీద ఉండేది కూడా భవితవ్యం కాదు, ఫార్వర్డింగ్ లెటరు. కాకపోతే ఆ లెటరు నాలుగు రోజులు ఆలస్యమైతే ఏమవుతుందో ఆ కుర్చీలో కూర్చున్నవాడికే తెలుసు.

పై దేశాలకు వెళ్ళిన మన పిల్లలు వీసా నిలబెట్టుకోవడానికి పడే పాట్లు అందరికీ తెలుసు. మన దగ్గరికి వచ్చినవాళ్ళకూ అవే పాట్లని చాలామందికి తోచదు. వచ్చిన పద్నాలుగు రోజుల్లో విదేశీయుల నమోదు అధికారి దగ్గర పేరు రాయించుకోవాలి. జిల్లాలో ఆ అధికారి ఎస్పీ గారు. పని చూసేది ఆయన కార్యాలయంలో ఒక ఇన్‌స్పెక్టరు. హాజరు తగ్గకూడదు, ఉద్యోగం చేయకూడదు, ఇల్లు మారితే తెలియజేయాలి, గడువు తీరకముందే పొడిగింపు అడగాలి. అడిగాక పోలీసు ఒకాయన ఇంటికొచ్చి, మనిషి అక్కడ ఉంటోందో లేదో చూసి రిపోర్టు రాస్తాడు. ఏది తప్పినా దేశం విడిచి వెళ్ళమనే నోటీసు దాకా పోవచ్చు.

నీమా టాంజానియా అమ్మాయి. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం. ఊళ్ళో ఒక రిటైర్డ్ మాస్టారింట్లో పై పోర్షన్‌లో అద్దెకుండేది. ఇంటావిడ దగ్గర తెలుగు నేర్చింది కనుక “అట్టాగే సార్”, “పర్లేదండి” అంటూ అచ్చం మనలాగే మాట్లాడేది. నేను ఈ విభాగానికొచ్చిన మరుసటి ఏప్రిల్‌లో మాస్టారు పోయారు. పోయింది ధనిష్ఠా పంచకంలో. ఆరు నెలలు ఇల్లు మూయాలన్నారు పురోహితులు. ఇంటావిడ పొన్నూరులో కూతురి దగ్గరికి వెళ్ళింది. గేటుకు తాళం వేసి, పాతవాళ్ళ పద్ధతి ప్రకారం తుమ్మకంప అడ్డం పెట్టారు. నీమా పెట్టె సర్దుకుని యూనివర్సిటీ దగ్గర స్నేహితురాళ్ళ గదిలో చేరింది.

మర్నాడే కాగితం పట్టుకుని మా విభాగానికి వచ్చింది.

“సార్, ఇల్లు మూసేశారండి. ఇప్పుడు పోలీసు ఆఫీసుకి రాయాలా?”

“ఎందుకమ్మా? ఇది ఇల్లు మారడం కాదు, పంచకం. అక్టోబర్లో మళ్ళీ తలుపు తీస్తారు. నీ ఇల్లు నీదే.”

“రాయక్కర్లేదా సార్?”

“ఇప్పుడొకసారి, అప్పుడొకసారి రాసుకుంటూ కూర్చుంటే నాకు వేరే పని ఉండొద్దూ?”

తను నోటుబుక్కు తీసి ఏదో రాసుకుంది. నాకు అది పిల్లల అలవాటుగా తోచింది. పంచకానికి ఇల్లు వదిలినవాణ్ణి ఇల్లు మారాడని మన వీధుల్లో ఎవరూ అనరు. నేనూ అదే బుర్రతో చెప్పాను.

ఆమె ఇక్కడ ఉండటానికిచ్చిన పర్మిట్ గడువు ఆగస్టు నెలాఖరు. జులైలో పాత చిరునామాతోనే పొడిగింపుకు దరఖాస్తు పంపాం. ఆగస్టు రెండో వారంలో ఇన్‌స్పెక్టరు మస్తాన్ వలి గారి నుంచి ఫోను వచ్చింది. అమ్మాయిని తీసుకుని రమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు. పోలీసు ఆఫీసు ఎందుకో చెప్పకుండా రమ్మంటే, నలభై ఏళ్ళ సర్వీసున్న గుమాస్తా కూడా ఫైలు రెండుసార్లు తిరగేస్తాడు. నా సర్వీసు ముప్పై నాలుగే. నాలుగుసార్లు తిరగేశాను.

వలి గారు బల్ల మీద ఒక ఫోటో పెట్టారు. గేటు, తాళం, దానికి అడ్డంగా ఎండిపోయిన తుమ్మకంప. పక్కన హెడ్ కానిస్టేబుల్ రిపోర్టు: “సదరు విద్యార్థిని తెలిపిన చిరునామాలో నివాసం లేదు. ఇరుగుపొరుగు వారికి ఆచూకీ తెలియదు.” ఇరుగుపొరుగుకు అంతా తెలుసు. కానీ గుమ్మంలో పోలీసు నిలబడి అడిగితే ఆ మాట ఎత్తేవాళ్ళెవరు?

“పంచకం అండీ,” అన్నాను.

“నాకు తెలీదనుకున్నారా సూపరింటెండెంట్ గారూ? మా వీధిలోనూ మూశారు ఇట్టాగే ఒకిల్లు. నాకు తెలిస్తే ఏం లాభం, నా కంప్యూటర్‌కి తెలీదే! దానికి తెలిసిందల్లా ఒకటే. నాలుగు నెలలుగా ఒక విదేశీయురాలు చెప్పిన చోట లేదు.” ఆమె వైపు తిరిగారు. “ఏమ్మా, ఎందుకు తెలియజేయలేదు? ఎవరన్నా వద్దన్నారా?”

నీమా సంచిలోంచి అద్దె కాగితాలు తీయబోయింది. వాటితో పాటు ఆ నోటుబుక్కు బల్ల మీద పడి తెరుచుకుంది. ఇంగ్లీషులో గుండ్రటి అక్షరాలు. తేదీ. పదకొండూ ఇరవై. సూపరింటెండెంటు గారు రాయక్కర్లేదన్నారు, ఇల్లు అదే అన్నారు. అది నేను చదవడం తను చూసింది. మెల్లిగా పేజీ తిప్పేసి, “నాకే తెలీలేదు సార్,” అంది వలి గారితో.

నా వీడ్కోలు సభలో ఈ ఘట్టం చెప్పినప్పుడు చప్పట్లు మోగాయి. నేను కుర్చీ వెనక్కి తోసి లేచి, “ఆ తప్పు నాది, రాసుకోండి!” అన్నానని చెప్పాను. అసలు జరిగింది ఇది: నేను గ్లాసు అందుకుని నీళ్ళు తాగాను. గ్లాసు కింద పెట్టేటప్పుడు బల్లకు కొట్టుకుని చప్పుడైంది. అంతే. పదవీ విరమణకు తొమ్మిది నెలలుంది. ఈ వయసులో ఛార్జిమెమో వస్తే పెన్షను కాగితాలు ఎక్కడ ఆగిపోతాయో అన్న ఒక్క ఊహే నా తలలో తిరుగుతోంది.

“తెలీదంటే కుదరదమ్మా. నిరాకరణకు సిఫారసు చేయాల్సి వస్తుంది. సరైన వివరణ ఏదన్నా ఉంటే వారంలోపు యూనివర్సిటీ నుంచి రావాలి,” అన్నారు వలి గారు నన్ను చూస్తూ. ఆ చూపును తప్పించుకోవడానికి నేను ఫోటోలోని తుమ్మకంపను చూశాను.

బయటికొచ్చాం. వరండాలో నీమా ఆగింది. చేతులు సంచి పట్టీని మెలిపెడుతున్నాయి.

“సార్, పొమ్మంటే ఎన్ని రోజులు ఇస్తారండి? లైబ్రరీ పుస్తకాలు ఐదున్నాయి నా దగ్గర. థీసిస్ సగంలో ఉంది. మళ్ళీ రానిస్తారా?”

“పుస్తకాల సంగతి నేను చూస్తాలే,” అన్నాను.

“మీ పేరు చెబితే మీకేమవుద్ది సార్?”

“మెమో ఇస్తారు.”

“మెమో అంటే?”

“ఎందుకిలా చేశావని సంజాయిషీ అడుగుతారు. జవాబు రాసివ్వాలి.”

తను నా మొహంలోకి చూసి, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది: “అంతేనా? మిమ్మల్ని దేశం వదిలి పొమ్మనరా?”

వెంటనే వెనక్కి తిరిగి లోపలికెళ్ళానని రాయాలని ఉంది. వెళ్ళలేదు. బస్టాండు పక్కన బండి దగ్గర రెండు మిరపకాయ బజ్జీలు చెప్పి, ఒకటి కొరికి వదిలేశాను. మా ఆఫీసు పద్ధతిలో సూపరింటెండెంటు బయటి శాఖకు నేరుగా రాయకూడదు. నోట్‌ఫైలు పెట్టాలి. అది అసిస్టెంటు రిజిస్ట్రారు బల్ల మీదుగా రిజిస్ట్రారు దగ్గరికి వెళ్ళాలి. అంటే పోలీసుల కన్నా ముందు మా వాళ్ళంతా నా తప్పు చదువుతారు.

మర్నాడు పొద్దున నోటు రాశాను. మొదటి చిత్తులో “సమాచార లోపం వలన” అని ఉంది. ఎవరి లోపమో లేదు. రెండో చిత్తులో “విభాగపు మౌఖిక సలహా మేరకు” అని. విభాగానికి నోరుండదు. మూడోదానికి చాలాసేపు పట్టింది. “విద్యార్థిని సకాలంలో అడిగినది. తెలియజేయనవసరం లేదని నేను చెప్పితిని.” ఫైలు ప్యూను చేతికిచ్చాక గుమ్మం దాకా వెళ్ళి, అతను మలుపు తిరిగేదాకా చూశాను.

మూడో రోజుకు రిజిస్ట్రారు సంతకమైంది. లెటరు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. కొత్త చిరునామాలో మళ్ళీ విచారణ జరిగింది. అన్నాళ్ళూ నీమా రోజుకు రెండుసార్లు మా విభాగం గుమ్మం దాకా వచ్చేది. ఏమీ అడిగేది కాదు. నేను తల అడ్డంగా ఊపితే వెళ్ళిపోయేది. గడువుకు నాలుగు రోజుల ముందు పొడిగింపు వచ్చింది, ఆలస్యంగా తెలియజేసినందుకు ఆమెకు ఒక హెచ్చరికతో. నాకు మెమో వచ్చింది. సంజాయిషీ రాశాను. ఒక ఇంక్రిమెంటు కోశారని బంధువుల దగ్గర చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఇక ముందు జాగ్రత్తగా ఉండమని రెండు వాక్యాలు రాసి ఫైలు మూశారు. ఏ రెండు వాక్యాలకు భయపడి ఆ అమ్మాయిని ఒక రోజంతా నోటీసు నీడలో వదిలేశానో, అవి అవే.

ఆ నెల నుంచి మా విభాగంలో ఒక రిజిస్టరు పెట్టాను. అడగడానికి వచ్చిన ప్రతి విద్యార్థి ప్రశ్నా, నేనిచ్చిన జవాబూ అందులో రాసి ఇద్దరం సంతకాలు చేసేవాళ్ళం. అది నా సొంత ఆలోచనని సభలో చెప్పాను. కాదు. తేదీ, సమయం, ఎవరు, ఏమన్నారు అన్న ఆ నాలుగు గడులూ నీమా నోటుబుక్కు చూసి గీసినవే.

నేర్చుకున్నది ఇంతే. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్ళకు నియమం చెప్పేటప్పుడు అందులో మన వీధి తెలివి కలపకూడదు. ఏం చెప్పినా కాగితం మీదే చెప్పాలి. సంతకం పెట్టడానికి చెయ్యి వెనకాడితే, ఆ సలహా నోటితో కూడా ఇవ్వకూడదు.