కండువా కింద మెయిలు

మా ఓనరు గారి ముఖంలో భావాలు కనపడవు. ఆయన పెళ్లి ఫోటో చూశాను. పక్కన పెళ్లికూతురు లేకపోతే రేషన్ కార్డు కోసం తీయించుకున్నారేమో అనుకునేవాణ్ణి. గూడూరులో నిమ్మకాయల మండీ నడిపే మనిషికి ఆ ముఖమే పెట్టుబడి. ఆయన బేరం ఇప్పటికీ పాత పద్ధతిలోనే సాగుతుంది. కొనేవాడి చేయీ తన చేయీ కండువా కింద దాచి, వేళ్లు పట్టుకుని రేటు చెప్పుకుంటారు. చుట్టూ నిలబడ్డవాళ్లకు కండువా కదలడం తప్ప ఏమీ తెలియదు. కొనేవాడికి వేళ్లు తెలుస్తాయే గానీ, ఈయనకు అమ్ముకునే తొందర ఉందో లేదో ఆ దేవుడికే తెలియాలి.

నేను బీకాం కంప్యూటర్స్. ఆ రెండో మాట వల్ల మండీలో కరెంటుతో నడిచే ప్రతిదానికీ నేనే బాధ్యుణ్ణి, ఫ్యానుతో సహా. చెన్నైలోని ఒక ఊరగాయల కంపెనీ ఇకమీదట రేట్లన్నీ మెయిల్లోనే అనేసరికి, మా పాత కంప్యూటర్లో ఉన్న అంతకంటే పాత మెయిల్ ప్రోగ్రామును నిద్రలేపాను. అప్‌డేట్ చేయమని అది రోజూ పొద్దున్నే బతిమాలేది.

"నడిచేదాన్ని కెలకబాక," అన్నారు ఓనరు గారు.

నేను కెలకలేదు. సౌకర్యం కోసం చిన్న ఏర్పాట్లు మాత్రం చేశాను. కరెంటు రాగానే కంప్యూటర్ తనంతట తానే లేవాలి. లేవగానే మెయిల్ ప్రోగ్రాం తెరుచుకుని, అన్నిటికంటే పైనున్న మెయిల్ చూపించాలి. మెయిల్లో బొమ్మలుంటే తెమ్మంటావా అని అది ప్రతిసారీ అడుగుతుంటే విసుగొచ్చి, ఇక అడగకుండా తెచ్చేయమని నొక్కాను. చదువుకున్నవాడు చేసే తప్పులో ఒక పొందిక ఉంటుంది.

ఒక వేసవి పొద్దున కంపెనీ రేటు వచ్చింది. ఓనరు గారు ఒక్కసారి చదివారు. గోడ చదివినట్టే ఉంది.

"రెండు దినాలు పలకబాకండి. వాడే పెంచుతాడు."

మా గుమాస్తా భాయ్ బయటికి చూశాడు. యార్డులో మూడు లారీల కాయ ఉంది. నిమ్మకాయకు సుగుణాలు చాలా ఉన్నాయి గానీ ఓపిక లేదు.

ఆ పగలంతా కరెంటు పోతూ వస్తూ ఉంది. ఆదుకోవలసిన యూపీఎస్ ఎప్పుడో చనిపోయి, గుమాస్తా భాయ్‌కి కాళ్లు పెట్టుకునే పీటగా స్థిరపడింది. కంప్యూటర్ మాత్రం పడుతూ లేస్తూ తన పని తాను చేసుకుపోయింది.

సాయంత్రం కంపెనీ కొనుగోలు ఆఫీసరు ఫోన్ చేశాడు. ఓనరు గారు స్పీకర్ పెట్టారు.

"ఏం సార్, రేటు నచ్చలేదా?"

"మా కాయకు అడిగేవాళ్లు శానామంది ఉండారు. మాకేం తొందరలేదు."

"తొందర లేకుండానే పొద్దున్నించి మా మెయిలు పంతొమ్మిది సార్లు తెరిచినారా సార్? ఒంటిగంటప్పుడు వరసగా నాలుగుసార్లు! అన్నం తిన్నారా లేదా?"

ఓనరు గారి ఎడమ కనుబొమ్మ లేచింది. నేను కొలువులో చేరాక ఇదే మొదటిసారి. గుమాస్తా భాయ్ మర్యాదగా కాళ్లు కిందికి దించాడు.

"రేపు ఆఖరి రేటు పంపిస్తా. తెరిచి చూసుకోండి, అలవాటే గదా," అని ఆఫీసరు పెట్టేశాడు.

కారణం కనుక్కోవడానికి నాకు గంట పట్టింది. చెప్పే ధైర్యం రావడానికి ఇంకో గంట. ఆ మెయిల్ అడుగున కంటికి ఆనని చుక్కంత బొమ్మ ఒకటి ఉంది. మెయిల్ తెరుచుకున్నప్పుడల్లా మన కంప్యూటర్ వాళ్ల కంప్యూటర్ దగ్గరికి వెళ్లి ఆ చుక్కను తెచ్చుకుంటుంది. వెళ్లినప్పుడల్లా అక్కడ నమోదవుతుంది. అంటే కరెంటు వచ్చిన ప్రతిసారీ మాది చెన్నై దాకా పరుగెత్తి, మా ఓనరు గారు ఇంకా మీ మెయిలే చూస్తున్నారండీ అని చెప్పి వచ్చింది.

"మన మండీలో కూర్చోని మన కండువానే ఎత్తి చూపించిందా?" అన్నారు ఓనరు గారు.

"అట్టాంటిదే అన్నా."

"ఎవురు నేర్పినారు దానికి?"

నేను ఫ్యాను వైపు చూశాను.

"నీ సదువు తగలెయ్య," అన్నాడు గుమాస్తా భాయ్, ప్రేమగానే.

"కాయ పోతే ఇంకో కాయ వస్తాది. నా తొందర బయటపడిందని యార్డులో తెలిస్తే, రేపట్నించి ఎవుడన్నా నా మొహానికి బెదరతాడా?"

బొమ్మలు రాకుండా వెంటనే ఆపేశాను. మర్నాడు పొద్దున్నే ఆఖరి రేటు వచ్చింది. బొమ్మల చోట ఖాళీ గడులున్నాయి.

"ఇప్పుడు మనం చదివితే వాడికి తెలవదా?"

"తెలవదన్నా."

అయినా ఓనరు గారికి నమ్మకం కుదరలేదు. భుజం మీది కండువా తీసి మానిటర్ మీద కప్పారు. నేను దాని కింద తల దూర్చి చదివాను. బయటి ప్రపంచానికి నా వీపు మాత్రమే కనపడింది. రేటు నిన్నటిదే.

"ఇంకోసారి చదువు. పెరిగిందేమో."

పదకొండు సార్లు చదివాను. పెరగలేదు. చెన్నై లెక్కలో మాత్రం మేము ఒక్కసారి కూడా తెరవలేదు. కరెంటు ఆ రోజూ పోయి వచ్చింది. కంప్యూటర్ లేచింది, ఎక్కడికీ పోలేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"సార్, మెయిలు అందిందా?"

"ఏం మెయిలు?"

"నిన్న పంపించింది సార్! ఒక్కసారి కూడా తెరవలేదే! కాయ ఇంకెవురికన్నా ఇచ్చేసినారా?"

"తెరవాలంటే తీరిక ఉండాల గదా నాయనా," అని ఓనరు గారు ఆవలించారు. ఆయన వెనక కిటికీలో మూడు లారీల కాయ పచ్చదనం మానుకుంటోంది.

ఆఫీసరు ఫోన్లోనే రేటు పెంచాడు. ఓనరు గారు ఇంకోసారి ఆవలించారు. ఇంకా పెంచాడు.

"సరే, రాసి పంపించు. వీలైతే చూస్తాం."

సాయంత్రానికి లారీలు కదిలాయి. ఆ వారంలోనే మెయిల్ ప్రోగ్రాం కొత్తది వేశాను, యూపీఎస్ కూడా కొత్తదే. పీట పోయిందని గుమాస్తా భాయ్ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ కోపంతో కాబోలు, కనుబొమ్మ సంగతి యార్డంతా చెప్పాడు.

"ఆయన మొహంలోనా? ఏం భాయ్, ఎండ దెబ్బ తగిలిందా?" అన్నారు అందరూ.

కావాలంటే వీణ్ణి అడగండని నన్ను చూపిస్తాడు. కనుబొమ్మ లేచినప్పుడు నా తల కండువా కింద ఉందని చెబుతాను. కండువా సంగతి మర్నాటిదని తెలిసినవాడు, ఓనరు గారు కాక, గుమాస్తా భాయ్ ఒక్కడే; అతని మాట ఎటూ ఎవరూ నమ్మడం లేదు.