మా వదిన పేరు పెట్టిన పార్కు

మా వదిన పోయిందన్న కబురు నాకు పార్కులో తెలిసింది. ముందురోజు సాయంత్రం విశాఖపట్నం ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, పార్కు వెనక గోడ దగ్గర కుళాయి కారుతోందట, పొద్దున్నే వెళ్లి చూసి రమ్మని పురమాయించింది. నేను ఆ కుళాయి ముందు నిలబడి ఉండగా మా ఆయన ఫోన్ చేసి, "అక్క ఇక లేదే" అన్నాడు. నీళ్లు కారుతూనే ఉన్నాయి. కుళాయి సంగతి ఇప్పుడు ఎవరికి చెప్పాలో కాసేపు నాకు తోచలేదు.

ఆవిడ మా ఆయనకు సొంత అక్క, మా పక్కింట్లోనే ఉండేది. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైంది. ఫోను లేకపోయినా సబ్బవరం దాకా వినిపించే గొంతు. అనకాపల్లిలో మా కాలనీ మధ్య ఉన్న ఈ పార్కు ఒకప్పుడు చెత్తకుప్ప. చెరకురసం బళ్లవాళ్లు పిప్పంతా తెచ్చి అక్కడే పోసేవారు. ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, ప్రహరీ కట్టించి, మొక్కలు నాటించి, దాన్ని మనుషులు వచ్చే చోటుగా చేసింది వదినే. కొత్త బెంచీ వస్తే ముందు తనే కూర్చునేది. భారీ మనిషి. "నన్ను మోసిందంటే ఊరందర్నీ మోత్తాది" అనేది. ఒకసారి ఒక బెంచీ కిర్రుమంటే, తెచ్చిన బండిలోనే తిప్పి పంపేసింది.

పొద్దున్నా సాయంత్రం పార్కుకి మా కాలనీ వాళ్లం వెళ్లేవాళ్లం. మధ్యాహ్నం వచ్చే మనుషులు వేరు. తెల్లారకముందే సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి ఆటోల్లో చేపల తట్టలతో వచ్చి, వీధివీధీ తిరిగి అమ్మే ఆడవాళ్లు ఎండ ముదిరాక అక్కడికి చేరేవారు. తెచ్చుకున్న అన్నం తిని, కాళ్లు కడుక్కుని, కొంగు పరుచుకుని నడుం వాల్చేవారు.

నీచు వాసన వస్తోందని వాకింగుకి వచ్చే పెద్దాయన ఒకరు గొడవ పెట్టారు. వదిన ఆయన్ని నలుగురిలోనే అడిగింది. "ఆదివారం మీ ఇంట్లో పులుసు పెట్టిన వంజరం ఏ తట్టలోంచి వచ్చింది అన్నయ్యా? అప్పుడు కంపు కొట్టలేదేటి?"

అలాగని ఆ ఆడవాళ్లని వెనకేసుకొచ్చి ఊరుకోలేదు. బెంచీల దగ్గర తట్టలు కడిగి పొలుసులు వదిలేసినందుకు వాళ్లకీ చీవాట్లు గట్టిగానే పడ్డాయి. తర్వాత వెనక గోడ దగ్గర వాళ్ల కోసం సిమెంటు గట్టు కట్టించి, వేరే కుళాయి పెట్టించి, ఆ నీళ్లు కొబ్బరి మొక్కలకు పోయేలా కాలువ తీయించింది. ఆ మొక్కలు మిగతావాటికంటే ఏపుగా పెరిగాయి. వాసన గొడవ కూడా సద్దుమణిగింది. "పార్కంటే సూడ్డానికి కాదే, కూకోడానికి" అని నాతో చాలాసార్లు అంది.

మంచి మాటలే రాయాలంటే ఇక్కడితో ఆపాలి. కానీ ఆవిడ మీద నాకు కోపం కూడా ఉంది. ప్రతి పనీ తనే చేసేది. ప్రతి పోట్లాటా తనే పడేది. పక్కన ఇంకొకరిని నిలబెట్టుకోలేదు, మమ్మల్ని నోరు విప్పనివ్వలేదు. "నీకెందుకే, నేనున్నాను కదా" అనేది. ఆవిడ మంచాన పడగానే పార్కు తరఫున మాట్లాడే దిక్కు లేకుండా పోయింది.

ఆవిడ ఆసుపత్రిలో ఉండగా కాలనీకి కొత్త కమిటీ వచ్చింది. పార్కులో పచ్చగడ్డి, టైల్స్, రంగుల లైట్లు వచ్చాయి. బాగున్నాయి, కాదనను. వాటితో పాటు, పొద్దున్నా సాయంత్రం తప్ప గేటు తెరవకూడదన్న తీర్మానమూ వచ్చింది. మధ్యాహ్నం మనుషులు పడుకుంటే గడ్డి పాడవుతుందట. వదిన ఫోన్లో మా ఆయన్ని, "మధ్యాహ్నం గేటు తీత్తన్నారా?" అని అడిగింది. ఆయన మందుల సంగతి ఎత్తాడు. ఆవిడకు అర్థమైపోయింది. "సరే, నేనొచ్చి సూత్తాను" అంది. రాలేకపోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు కమిటీ అధ్యక్షుడు ఇంటికి వచ్చి, పార్కుకి వదిన పేరు పెడతామన్నాడు. మా ఆయన ఏడ్చేశాడు. నాకూ గుండె నిండిపోయింది. వారం తిరక్కుండానే గేటు పక్కన పెద్ద బోర్డు లేచింది. పైన వదిన ఫొటో, దాని కింద ఆవిడ పేరు, ఆ పేరు కింద పార్కు తెరిచి ఉండే వేళలు. మధ్యాహ్నం ప్రవేశం లేదని ఎర్రక్షరాల్లో రాశారు. ఆవిడే వద్దంటున్నట్టుంది.

ఆ వేళలైనా తీసెయ్యండి, మా అక్క పేరైనా తీసెయ్యండి అని మా ఆయన వెళ్లి అడిగాడు. "పేరు గౌరవానికి పెట్టేం బావా. టైమింగులు కమిటీ తీర్మానం. రెండూ వేరు" అన్నాడు అధ్యక్షుడు. ఆదివారం ఆవిష్కరణ సభలో చదవడానికి నాలుగు మంచి మాటలు రాసిమ్మని నాకు కబురు కూడా పెట్టాడు.

ఏం రాయాలో తెలియక నిన్న మధ్యాహ్నం అటు నడిచాను. గేటుకి తాళం ఉంది. చేపల ఆడవాళ్లు బయట రోడ్డు పక్కన కూర్చున్నారు. మా ఇంటికి ఎప్పుడూ చేపలు తెచ్చే ముసలామె నన్ను చూసి లేచింది. ఆమెకు చదువు రాదు. బోర్డు వంక చూపించింది.

"అమ్మగోరి పొటో ఎట్టినారు కదమ్మా. ఇంక గేటు తీసేత్తారు. అమ్మగోరి పార్కే కదా."

గేటు తియ్యమని ఆదివారం సభలో అందరి ముందూ అడుగుతానని చెప్పాను. నాది వదిన గొంతు కాదు, మైకు ముందు వణుకుతుంది. అయినా అడుగుతాను. ఈ కాగితమే చదువుతాను.

"అడుగమ్మా" అని ఆమె మళ్లీ వెళ్లి కూర్చుంది. అక్కడ చెట్టు లేదు. బోర్డు నీడ ఒక్కటే రోడ్డు మీద చిన్న చాపంత పడి ఉంది. సాయంత్రం అమ్మాల్సిన చేపల తట్టలు ఆ నీడలో పెట్టి, వాళ్లు ఎండలో కూర్చున్నారు. నీడ జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి, తట్టల్ని వదిన ఫొటో నీడలోకి జరుపుతున్నారు.