ఎస్తేరమ్మ కొన్న మిషను

మోటారు మాడిన వాసన అందరికీ ఒకేలా తగలదు. పోయిన వారం నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని మా ఇంట్లో, కేకులు నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయి ఒకతి మిక్సర్‌ను ఆపకుండా తిప్పేసరికి కమురు వాసన గుప్పుమంది. "ఏం కాలేదాంటీ, వేడెక్కిందంతే" అని ఆ పిల్ల నవ్వుతూనే ఉంది. నేను మాత్రం బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. అరవై ఏళ్లు దాటినదాన్ని, వంటింటి వాసనకు బయటికి పారిపోవడమేమిటని మీరు అనుకోవచ్చు. ఎస్తేరమ్మ ఎవరో చెబితే తప్ప అది అర్థం కాదు.

పంతొమ్మిది వందల అరవైల చివర్లో మా ఆయనకు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తా ఉద్యోగం. చందూర్‌లో పసుపు పండించే ఇంట్లో పుట్టి, మెట్రిక్ దాకా చదివాను కదా అని కొంచెం నిక్కుతో ఆ క్వార్టర్స్‌లో కాపురం పెట్టాను. మా వెనక వీధిలో ఒంటిగది ఎస్తేరమ్మది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఎనిమిదేళ్లు క్రైస్తవ మిషన్ బంగళాలో అమెరికా దొరసాని దగ్గర వంట చేసి, ఆ తర్వాత ఇంట్లోనే కేకులు, బన్నులు చేసి అమ్ముకునేది. పొయ్యి మీద ఇసుక పోసిన డేగిసా గిన్నె, మూత మీద నిప్పులు, అదే ఆమె బట్టీ. వెన్న, చక్కెర బేసిన్‌లో వేసి అరచేత్తో గంటసేపు ఒకే వైపుకు గిలకొట్టేది. చివర చిటికెడు తీసి నీళ్ల గ్లాసులో వేసేది. తేలితే అయినట్టు, మునిగితే ఇంకా కానట్టు. నేను తోచక వెళ్లి కూర్చుంటే ఒకరోజు బేసిన్ నా ముందుకు తోసింది. "ఊకె సూస్తే రాదు బిడ్డా, చెయ్యి పెట్టు" అంది. ఇవాళ నాకున్న విద్యంతా ఆ బేసిన్‌లో దొరికినదే.

ఆ ఏడు వానాకాలంలో ఆమె కుడిచెయ్యి మొరాయించింది. భుజం నుంచి వేళ్ల దాకా తిమ్మిరి. ఒకరోజు కత్తి చేతిలోంచి జారి కాలి పక్కనే పడింది. ఈ పని మానేయమని డాక్టరు చెప్పాడు. మానేస్తే రెంజల్‌లో తమ్ముడింటికి పోవడం తప్ప ఆమెకు దారి లేదు. "తిండికి కొదువేం ఉండదు బిడ్డా. గని మా మరదలు ఎప్పుడు పెడితే అప్పుడు తినాలె, ఎంత పెడితే గంత తినాలె. నా పొయ్యి నాకున్నంత దినాలు నేను మనిషిని" అంది. అంత ధైర్యస్థురాలు ఆ మాట అనేటప్పుడు నా వైపు చూడలేదు. అందుకే వెన్న గిలకొట్టే మిషను కొనాలని ఇద్దరం పట్టుబట్టాం.

ఆమె దగ్గరున్న కాస్త డబ్బుతో ఏది దొరుకుతుందో వెతికాం. నిజామాబాద్ బజారులో పిడి పట్టుకుని చేత్తో తిప్పే కవ్వం లాంటిది ఒకటి చూశాం. గుడ్లకు సరే గానీ వెన్నలో పెడితే కదలదు, పైగా దాన్ని తిప్పాల్సిందీ ఆ చెయ్యే. అప్పుడప్పుడే వస్తున్న మిక్సీ చూశాం. అది పచ్చడి నూరుతుంది తప్ప వెన్నను పొంగించదు. అలా తిరుగుతుండగా దొరసాని తన దేశం వెళ్లిపోయిందనీ, బంగళా సామాను అమ్ముతున్నారనీ తెలిసింది. ఎస్తేరమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ ఇంట్లో స్టాండుకు బిగించిన పెద్ద మిక్సరు ఉండేది. దొరసాని తప్ప ఎవరూ ముట్టుకోవడానికి లేదు. ఎనిమిదేళ్లు దూరం నుంచి చూసిందే గానీ ఎస్తేరమ్మ దాని మీద చెయ్యి వేసి ఎరగదు.

బంగళా వరండాలో వాచ్‌మన్ సామాను పరిచి కూర్చున్నాడు. మిక్సరు తెల్లగా, బరువుగా ఉంది. దాని పక్కనే ఇటుకంత ఇనుప డబ్బా. రెండూ కలిపి తీసుకుంటే ఒక ధర, విడిగా ఒక ధర అన్నాడు. రెండింటికీ మా దగ్గరున్న డబ్బులు చాలవు. ఎస్తేరమ్మ ఆ డబ్బాకేసి చూస్తూ, "బిడ్డా, గిది గూడ కావాల్నేమో" అని నసిగింది. నేను మిక్సరును పక్కకు వంచి, అడుగున రేకు మీదున్న ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు అందరికీ వినబడేలా గడగడా చదివాను. నూటపదిహేను వోల్టులు అని అందులో ఉంది. చదవడమే వచ్చు, దాని అర్థం తెలిస్తే కదా! "దీంట్ల డబ్బా ముచ్చటే లేదు పెద్దమ్మా. గది రేడియోకో దేనికో పెట్టుకున్నరు. ఉట్టిగ పైసలు దండగ" అన్నాను. ఆమె కొంగుముడి విప్పి మిక్సరు ఒక్కదానికే డబ్బులు లెక్కపెట్టింది.

ఆమె గదిలో కరెంటు లేదు కనుక మా ఇంట్లోనే పెట్టాం. ఆమె వెన్న, చక్కెర కొలిచి వేసి, ముసుగు సర్దుకుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. నేను స్విచ్చి వేశాను. మిషను పిచ్చిపట్టినట్టు అరిచింది. వెన్న గోడల మీదికి చిమ్మింది. నేను తేరుకుని స్విచ్చి ఆపేలోపే లోపలి నుంచి నల్లటి పొగ, ఆ కమురు వాసన. ఎస్తేరమ్మ గుడ్డ తీసుకుని గోడలు తుడవడం మొదలుపెట్టింది, ఎడమచేత్తో.

మర్నాడు దాన్ని దుప్పట్లో మూటగట్టుకుని నిజామాబాద్ బస్సెక్కాం. మోటార్లు బాగుచేసే ముసలి మేస్త్రీ విప్పి చూసి తల పట్టుకున్నాడు. "అమెరికా కరెంటు మనదాంట్ల సగమే ఉంటదమ్మా. దీనితోని ఒక డబ్బా రావాలె, గది కరెంటును తగ్గిస్తది. లోపల మొత్తం మాడింది, ఇగ బాగు గాదు. డబ్బా వద్దన్న తెలివిగల్ల అకల్‌మంద్ ఎవలు?" అన్నాడు.  ఎస్తేరమ్మ నా కన్నా ముందే, "నేనే భయ్యా. పైసలకు సూసుకున్న" అంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. 'కాదు, నేను' అని నోరు తెరవడానికి ఎంతసేపు పడుతుంది? తెరవలేదు. బస్సులో తిరిగొస్తున్నంతసేపూ తెరవలేదు.

క్రిస్మస్‌కు ఒప్పుకున్న కేకులన్నీ ఆమె ఆ కుడిచేత్తోనే గిలకొట్టింది. సగం నేను చేయబోయాను, కానీ నాది అప్పటికి పచ్చి చెయ్యి, నేను గిలకొట్టిన వెన్న నీళ్లలో మునిగేది. మళ్లీ ఆమే అందుకునేది. పండుగ వెళ్లిన వారానికి ఆ చెయ్యి పూర్తిగా వాలిపోయింది. జాకెట్ గుండీ కూడా పెట్టుకోలేకపోయింది. తమ్ముడు ఎడ్లబండి తెచ్చి తీసుకెళ్లాడు. డేగిసా, బేసిన్ నాకే ఇచ్చింది. సిగ్గు లేకుండా పుచ్చుకున్నాను.

ఏడాదిన్నర తర్వాత గానీ రెంజల్ వెళ్లే ధైర్యం రాలేదు. పశువుల కొట్టం పక్కన మంచం మీద ఉంది, సగానికి చిక్కిపోయింది. మరదలు గిన్నెలో అన్నం కలిపి తెచ్చి, అక్కడ పెట్టి వెళ్లిపోయింది. నేను ముద్దలు చేసి పెడుతూ, ఇక ఆగలేక, "పెద్దమ్మా, డబ్బా వద్దన్నది నేను. మేస్త్రీ ముంగట నోరిప్పలేదు" అన్నాను.

"నాకెర్క లేదా బిడ్డా" అంది. కాసేపు నమిలి, మింగి, మళ్లీ చెప్పింది. "దొరసాని దినాం ఆ డబ్బాలనే వైరు పెట్టేది. ఎనిమిదేండ్లు నా కండ్లతోని సూసిన."

"మరి ఆ రోజు గట్టిగ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు ఇంగిలీషు సదివి లేదంటివి. సదువు రాని మొద్దును, నేనే తప్పు సూసినేమో అనుకున్న."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! నిజంగానే తన కళ్లదే తప్పన్నట్టు చెప్పి, ఇంకో ముద్ద కోసం నోరు తెరిచింది. ఆ వానాకాలమే ఆమె పోయింది. అప్పటి నుంచి నా ముందు ఎవరైనా "కావాల్నేమో" అని నసిగితే, చేతిలో పని వదిలేసి, వాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా నోరు మూసుకుంటాను. నా ఇంట్లో ఇప్పుడు అందరూ ధైర్యంగా మాట్లాడతారు. ఆ ఎస్తేరమ్మ ఒక్కతి తప్ప.