రెండు పూతల మైనం

నేలలో మొహం కనపడాలన్నది మేనేజరు పంతం. ఆ ఆఫీసు వరండాను ఇరవై రెండేళ్లుగా రుద్దుతున్న మనిషిని అందరూ పాలిషు మావయ్య అనేవారు. మోకాళ్లు అరిగినా సరే, నేల మీద గరుకన్నది మిగలనివ్వలేదాయన. భూమి మనిషిని ఎప్పుడూ కిందికి లాగుతూనే ఉంటుందని, నిలబెట్టేది కాలికింది ఆ గరుకేనని ఆయనకు తెలియనిది కాదు. అందుకే తను చెప్పులు విప్పి, బొటనవేళ్లు నొక్కిపెట్టి నడిచేవాడు. ఆ కిటుకు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వాళ్లకెందుకులే అనుకున్నాడు.

తనిఖీ రోజున మైనం రెండు పూతలు వేశాడు. మధ్యాహ్నం, ఆయన మరిచిపోయి వచ్చిన అన్నం క్యారేజీ పట్టుకుని భార్య వచ్చింది. నాలుగడుగులు వేసిందో లేదో, కాలు జారి పడి తుంటి విరిగింది.

"చూసుకుని నడవొద్దా అమ్మా?" అన్నాడు మేనేజరు.

ఆవిడ చూసుకునే నడిచింది. నేలలో ఆవిడ మొహమే కనపడింది.

మూడోరోజు మేనేజరు ఆయన్ని పిలిచి, క్యారేజీ పడ్డచోట గీత పడిందని చూపించాడు. మావయ్య గరుకు కాగితం తెచ్చి ఆ చోటంతా కసితీరా రుద్ది, మైనం పూయకుండానే లేచాడు.

"ఇదేంటయ్యా, ఇక్కడ మొహం కనపడట్లేదు?"

"ఇక్కడ నా మొహం నేను చూసుకోలేనండి."

మర్నాడే ఆయన్ని పనిలోంచి మాన్పించారు. కొత్తగా వచ్చినవాడు మొట్టమొదట ఆ చోటికే రెండు పూతలు వేశాడు.