పార్కులో ఎనిమిది ఇళ్ళు

2010 వేసవిలో జనగణన మొదటి దశ, అంటే ఇళ్ళ జాబితా తయారీ, మొదలైనప్పుడు నన్ను సికింద్రాబాద్‌లో సూపర్‌వైజరుగా వేశారు. అప్పటికి నేను గణాంక శాఖలో సహాయ అధికారిని. హోదా వినడానికి బాగానే ఉంటుంది గాని ఆఫీసులో నా కింద పనిచేసేది ఒక్క గుమస్తా, ఆయన కూడా సగం రోజులు పక్క సెక్షనుకు అరువు. జనగణన పుణ్యమా అని ఒక్కసారిగా ఆరుగురు ఎన్యూమరేటర్లు నా కిందికి వచ్చారు. ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునేది వాళ్ళు. ఎక్కువమంది సర్కారు బడి టీచర్లు. వాళ్ళు రాసినదాన్ని సరిచూసి సంతకం పెట్టడం నా పని.

నాకు అప్పగించిన ప్రాంతంలో ముఖ్యమైనది తిరుమలగిరి నుంచి ఏ.ఎస్. రావు నగర్ వైపు వెళ్ళే దారిలో ఉన్న ఒక కాలనీ. అసలు పేరు రాయను. సౌభాగ్యపురి అనుకుందాం. మొదటి నాలుగు వీధుల్లో ఫ్యాక్టరీ ఉద్యోగులు కట్టుకున్న డాబాలు, ఆ వెనక మిలిటరీలో రిటైరైన కుటుంబాలు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ టీచర్ల ఇళ్ళు, రోడ్డు వైపు కొత్త అపార్ట్‌మెంట్లు, వాటి మెట్ల కింద గదుల్లో పాలమూరు నుంచి వచ్చిన వాచ్‌మెన్ కుటుంబాలు. మా లెక్కలో ఒకే వంటలో తినేవాళ్ళు ఒక కుటుంబం. అందువల్ల మెట్ల కింది గదికీ పైనున్న మూడు బెడ్రూముల ఫ్లాటుకూ ఒకే రకం నంబరు పడుతుంది. ఈ సమానత్వం ఫ్లాట్లవాళ్ళలో కొందరికి నచ్చలేదు. వాచ్‌మెన్లు దాన్ని పట్టించుకోలేదు.

కాలనీ సంక్షేమ సంఘానికి అధ్యక్షుడు విశ్వనాథం గారు. ఇంజనీరుగా రిటైరయ్యారు. మనిషి మర్యాదస్తుడు, క్రమశిక్షణ గలవాడు, కాలనీ చరిత్ర మీద ఆయనను మించిన అధికారి లేడు. దాన్ని రాసింది ఆయనే కనుక ఆ మాటకు ఎదురు లేదు. నేను వెళ్ళిన మొదటి రోజే సంఘం వేసిన రజతోత్సవ సంచిక నా చేతిలో పెట్టారు. మొదటి పేజీలోనే ఇలా ఉంది: "మేము వచ్చేనాటికి ఇక్కడ మనిషి జాడ లేదు. బండలు, తుమ్మపొదలు, పాములు తప్ప మరేమీ లేవు. ఒక్క గజం నేల సాగైన పాపాన పోలేదు." తర్వాతి మూడు పేజీలూ పాముల గురించే.

"జిల్లా జనగణన పుస్తకంలో మా కాలనీ చరిత్ర ఒక రెండు పేరాలు వెయ్యండి మేడమ్," అన్నారాయన.

ఆ పుస్తకంలో మొత్తం పట్టణం చరిత్రకే రెండు పేరాలు ఇస్తారని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, అయితే ఒక పేరా చాలన్నారు.

ఇళ్ళ జాబితాకు ముందు ప్రతి బ్లాకుకూ ఒక చేతి పటం గీయాలి. పక్కా ఇంటికి చతురస్రం, కచ్చా ఇంటికి త్రిభుజం, మధ్యలో రోడ్లు, గుర్తుపట్టడానికి గుడి, చర్చి, రేషన్ దుకాణం. ఎండలో తిరిగి గీయాలంటే రెండు మూడు రోజుల పని. విశ్వనాథం గారు తమ లేఅవుట్ నక్షా కాపీ ఇచ్చి ఆ శ్రమ తప్పించారు. అది మా ఎన్యూమరేటర్లు గీసే పటాలకన్నా ఎంతో అందంగా ఉంది. మధ్యలో పచ్చరంగు వేసి "పార్కు" అని రాసి ఉంది. నేను దాన్ని చూసి గీయించిన పటం మీద ఆఫీసులో కూర్చునే సంతకం పెట్టాను. ముందు బ్లాకు చుట్టూ నడవాలి, తర్వాతే సంతకం పెట్టాలి అని నిబంధన. ఆ నిబంధనను అంతకు వారం ముందు శిక్షణ తరగతిలో ఎన్యూమరేటర్లకు చదివి వినిపించింది నేనే.

ఆ బ్లాకు యాదగిరి అనే టీచరుది. లెక్కలు చెప్పేవాడు. పని మొదలైన మూడో రోజు ఫోన్ చేశాడు.

"మేడం, జెర మీరు రావాలె. పార్కుల పొయ్యి మండుతున్నది."

"మంటలంటుకున్నాయా?"

"మంట కాదు మేడం, వంట. ఎనిమిది ఇండ్లున్నయ్ ఈడ."

వెళ్ళి చూశాను. కాలనీ నడిమధ్యలో ఒక పాత బావి చుట్టూ ఎనిమిది రేకుల ఇళ్ళు. గుమ్మాల దగ్గర నిలువెత్తు రాతికడీలు వరసగా పడేసి, వాటి మీద కూర్చుని ఆడవాళ్ళు కూరగాయలు తరుగుతున్నారు. నన్ను చూసి అందరికన్నా పెద్దావిడ లేచింది. పేరు బాలమణి. డెబ్బై దాటి ఉంటుంది.

ఆ కడీలు ఏమిటని అడిగాను. ద్రాక్ష పందిళ్ళవి అంది. ఆ నేలంతా ఆమె మామగారి అంగూర్ తోట. కాలనీ వేసిన హౌసింగ్ సొసైటీ వాళ్ళు వచ్చి అడిగితే ఆయన తోట అమ్మాడు. బావి, దాని చుట్టూ తాము ఉండే జాగా మాత్రం అమ్మలేదు. అయితే లేఅవుట్ మంజూరు కావాలంటే కొంత ఖాళీ స్థలం చూపించాలని నిబంధన ఉంది. సొసైటీ వాళ్ళు బావి చుట్టూ ఉన్న జాగాను చూపించారు. అందులో మనుషులున్నారన్న సంగతి నక్షాలో పట్టలేదు.

"గిప్పుడు మమ్ముల లేవమంటున్నరు బిడ్డా. బల్దియాల దరఖాస్తు ఇచ్చిన్రట. మొన్న టేపు వట్టుకొని కొలిచి పోయిన్రు," అంది బాలమణమ్మ. ఆమె చెప్పే దరఖాస్తు కాలనీ సంఘం మునిసిపాలిటీకి పెట్టినది. తర్వాత ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నీదేడ?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు నేను ఎప్పుడూ ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. నాన్నది తెనాలి దగ్గర పల్లె. రైల్వే ఉద్యోగం మీద వచ్చారు. నేను పుట్టింది మెట్టుగూడ క్వార్టర్స్‌లో. ఆఫీసులో నన్ను ఆంధ్రా మేడం అనేవారు. తెనాలిలో మా చర్చి వాళ్ళు హైదరాబాదు అమ్మాయి అనేవారు. ఇదంతా చెబితే ఆమె విని, "గట్లైతె నువ్వు సుత గీడిదానివే," అని తేల్చేసి మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంది.

నా సంతకం ఉన్న పటాన్ని రద్దు చేసి, చూడకుండా సంతకం పెట్టినందుకు పై అధికారికి సంజాయిషీ రాసి, కొత్త పటంలో పార్కు తీసేసి ఎనిమిది త్రిభుజాలు గీయించాను. యాదగిరి ఆ ఇళ్ళ గుమ్మాల పక్కన మార్కర్‌తో నంబర్లు వేశాడు. మరునాటికి ఎవరో తడిగుడ్డతో తుడిచేశారు. మళ్ళీ వేశాడు. మళ్ళీ తుడిచారు. మూడోసారి బాలమణమ్మ యాదగిరిని అడిగి, తలుపుకు లోపలివైపు కూడా రాయించుకుంది.

ఆ వారంలోనే విశ్వనాథం గారు మా ఆఫీసుకు వచ్చారు. గొంతు పెంచలేదు. "మీరు ఆక్రమణదారులకు ప్రభుత్వ ముద్ర వేస్తున్నారు మేడమ్," అన్నారు. నేను చట్టం తీసి చూపించాను. జనగణన నంబరు వల్ల ఎవరికీ ఏ హక్కూ రాదు, పోదు. మేము రాసుకునేది గోప్యం. బయటివాళ్ళకు చూపకూడదు, కోర్టులో సాక్ష్యంగానూ పనికిరాదు. ఆయనకు ఊరట కలిగింది. అదే మాట బాలమణమ్మకూ చెప్పడం నా బాధ్యత అనిపించి వెళ్ళి చెప్పాను.

"ఎందుకూ పనికిరానిదానికి గింత ఎండల తిరుగుడెందుకు బిడ్డా?" అంది.

2011 ఫిబ్రవరిలో రెండో దశ, మనుషుల లెక్క. ఆ ఫారంలో పుట్టిన ఊరు, అంతకుముందు ఉన్న చోటు, వచ్చిన కారణం అడుగుతారు. విశ్వనాథం గారు యాదగిరితో "స్థానికుడు అని రాయండి" అన్నారట. స్థానికుడు అనే గడి ఫారంలో లేదు. పుట్టిన ఊరు చెప్పక తప్పలేదు. అది కాకినాడ అని ఆయనే తర్వాత అందరికీ చెప్పుకున్నారు కనుక రాస్తున్నాను. మిగతావాళ్ళ జవాబులు గోప్యం. బాలమణమ్మ మాత్రం వీధంతా వినబడేట్టు చెప్పింది. ఆమె పుట్టింది కీసర వైపు పల్లెలో. ఇక్కడికి వచ్చిన కారణం, పెళ్ళి. అంటే మా ఫారం ప్రకారం ఆమె కూడా వలస వచ్చిన మనిషే. నేను ఈ మాట చెప్పినప్పుడు యాదగిరి ముఖం చిన్నబోయింది. "గిదేం ఫారం మేడం," అన్నాడు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను.

ఆ తర్వాత నేను నా మామూలు ధరల సూచీల పనిలో పడ్డాను. రెండేళ్ళు గడిచాయనుకుంటాను, ఒకరోజు విశ్వనాథం గారు చేతిలో ఫైలుతో మళ్ళీ వచ్చారు. మనిషి చిక్కిపోయారు. కాలనీకి ఒక ప్రభుత్వ కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. ఆ నేలలో ఎక్కువ భాగం ఎవరూ సాగు చేయని సర్కారు బంజరు అని పాత రికార్డులో ఉన్నట్టు తెలిసిందనీ, కాదంటే రుజువులు చూపాలనీ దాని సారాంశం. నోటీసుకు ఒక జిరాక్సు జతచేశారు. అది రజతోత్సవ సంచిక మొదటి పేజీ. "ఒక్క గజం నేల సాగైన పాపాన పోలేదు" అన్న వాక్యం కింద ఎర్రగీత ఉంది.

తన జీవితంలో అంత శ్రద్ధగా తన రచనను ఎవరూ చదవలేదని ఆయన అన్నారు. నవ్వడానికి ప్రయత్నించారు గాని కుదరలేదు. నాలుగు వీధులవాళ్ళూ ఉన్నదంతా పెట్టి కట్టుకున్న ఇళ్ళవి.

"మీ ఇళ్ళ జాబితాలో ఆ ఎనిమిది ఇళ్ళూ ఉన్నాయి కదా మేడమ్. పాతకాలం నుంచి సాగుదారులు ఇక్కడ ఉన్నారని దాని కాపీ ఇప్పించండి."

నేను మళ్ళీ అదే చట్టం తీశాను. ఈసారి ఆయనకు ఊరట కలగలేదు.

"మరి మీరు రాసుకున్నది ఎవరికి పనికొస్తుంది?"

"దేశానికి," అన్నాను. అది నిజమే గాని, ఆ గదిలో దానివల్ల ఎవరికీ ఉపయోగం కనిపించలేదు.

బాలమణమ్మను అడగమని చెప్పాను. ఆమె ముందుకు ఒంటరిగా వెళ్ళలేనన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక, ఉద్యోగంతో సంబంధం లేకుండా, ఆయన వెంట వెళ్ళాను. ఆవిడ గుమ్మంలో చాట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. విశ్వనాథం గారు ఒక రాతికడీ మీద కూర్చున్నారు. ఇల్లు ఆ బావికి ఎదురుగానే అయినా ఆయన అక్కడ కూర్చోవడం అదే మొదటిసారి.

"అమ్మా, మీ మామగారి పేరు మీద పాత పహాణీలు ఏమైనా ఉన్నాయా?" అని అడిగారు. పహాణీ అంటే ఏ నేలను ఎవరు సాగు చేస్తున్నారో, ఏ పంట వేశారో ఏటేటా రాసే రెవెన్యూ కాగితం.

ఆవిడ బియ్యంలోంచి తల ఎత్తలేదు. "మీ బుక్కుల గీడ పాములే ఉండెనని రాసిన్రట గద. నా మనుమరాలు సదివి చెప్పింది. పాములకు పహాణీ ఎవరిస్తరు సారూ?"

ఆయన "తప్పు రాశానమ్మా," అన్నారు. సంఘం రాసిందనో, కమిటీ రాసిందనో అనలేదు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అప్పుడే.

"రాసినోల్లే దిద్దాలె," అంది ఆవిడ. "మా ఎనిమిది ఇండ్లు నక్షల వెట్టు. బల్దియాల దరఖాస్తు వాపస్ తీస్కో. కాయిదాలిస్త."

సంఘం సర్వసభ్య సమావేశంలో దీని మీద రెండు గంటలు వాదన నడిచిందట. పార్కు ఎదురుగా ఉందని చెప్పి తనకు ప్లాటు అమ్మారని ఒకాయన అభ్యంతరం చెప్పారు. విశ్వనాథం గారు లేచి, ఆ పార్కును తామెవరూ చూడలేదని గుర్తుచేసి తీర్మానం నెగ్గించారు. తాను కాకినాడలో పుట్టానని ఆయన చెప్పుకున్నది ఆ మీటింగులోనే.

బాలమణమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి వచ్చిన పహాణీల్లో పంట గడిలో ఏటా ఒకే మాట ఉంది, అంగూర్ అని. ఆ కాగితాలు పెట్టి జవాబిచ్చిన కొన్ని నెలలకు, తదుపరి చర్యలు నిలిపివేస్తున్నట్టు రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. సవరించిన నక్షాలో ఎనిమిది ఇళ్ళు చేరాయి. వాటికి బల్దియా ఇంటి నంబర్లు, నల్లా కనెక్షన్లు వచ్చాయి. కాలనీకి పార్కు లేకుండా పోయింది. అంతకుముందూ లేదు కనుక ఎవరికీ తేడా తెలియలేదు.

సంచిక రెండో ముద్రణ కూడా నాకు పంపారు. "మేము వచ్చేనాటికే ఇక్కడ ద్రాక్ష పండించే రైతు కుటుంబాలతో మొదటి రోజు నుంచీ కలసిమెలసి..." అని మొదలవుతుంది. మొదటి రోజు నుంచీ అన్న మాట దగ్గర యాదగిరి నా కాపీ చదివి పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టాడు. పాములు మాత్రం అరపేజీకి తగ్గాయి.

నేను రిటైరయ్యే ముందు కొన్ని సర్వేలకు శిక్షణ తరగతులు చెప్పాను. సౌభాగ్యపురి పేరు ఎత్తకుండా ఒక్క విషయం మాత్రం ప్రతిసారీ నొక్కి చెప్పేదాన్ని. మా ఫారాల్లో "తాళం వేసిన ఇల్లు" వేరు, "ఖాళీ ఇల్లు" వేరు. మొదటిదానిలో మనుషులు ఉన్నారు, మనకు కనబడలేదు. రెండోదానిలో ఎవరూ లేరు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే, పక్కింటివాళ్ళు ఎంత గట్టిగా చెప్పినా సరే, ఖాళీ అని రాసే ముందు తలుపు కొట్టాలి.