ఎర్ర కారులో బేగం సీటు

ఎవరికైనా మేలు చేద్దామని నాకు బుద్ధి పుడితే ఆ మనిషి వెంటనే పారిపోవడం మంచిది. నమ్మకపోతే బోధన్‌లో రహమత్ చాచాను అడగండి. ఆయన పారిపోలేదు. ఫలితం ఇప్పటికీ ఒక కారు సీటు మీద ఉంది.

చాచా మా ట్రాక్టర్ మెకానిక్కు. ఒకప్పుడు చక్కెర బస్తాలు నిల్వచేసిన గోదాములో నాలుగు పాత స్పోర్ట్స్ కార్లు పెట్టి, మ్యూజియం అని బోర్డు రాయించాడు. లోపల పెట్రోలు వాసన, దాని కింద ఇంకా వదలని తీపి వాసన. మా పొలంలో పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఒక మధ్యాహ్నం తీరిక చేసుకుని, జక్రాన్‌పల్లి నుంచి కొత్త బైకు మీద చూడ్డానికి వెళ్లాను. అప్పటికి నాకు మీసం వచ్చింది గానీ తెలివి ఇంకా రాలేదు.

చివరన టాపు లేని ఎర్ర కారు, మీగడరంగు సీట్లు. దాని దగ్గరికి రాగానే చాచా గొంతు తగ్గింది.

“నికా అయినంక బేగంను గీ కార్లనే ఇంటికి తెచ్చిన. పోయినేడు ఆమె పోయింది బేటా. ఇగ నాకు గిదొక్కటే ఉన్నది. అన్నీ సూడు, దీన్ని మాత్రం ముట్టకు.”

“ముట్ట చాచా,” అన్నాను.

ఆయన నమాజుకు వెళ్లాడు. నేను ముట్టకుండా ఎంతసేపు ఉన్నానో చెబితే నవ్వుతారు. పక్క సీటు అంచున ఎర్రటి మరక కనిపించింది. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని మా ఇళ్లలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఎవరో పసుపు చేత్తో ముట్టి, సబ్బుతో కడిగి పాడుచేశారని తీర్పు చెప్పేశాను. పాపం, ముసలాయనకు చూపు ఆనలేదేమో. బేగం కూర్చున్న సీటు ఇలా ఉంటే ఎలా? పసుపు మరకకు మందు నిమ్మకాయ. దిష్టి తగలకుండా మా అమ్మ బైకుకు కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ ఉండనే ఉన్నాయి. మిరపకాయలు వదిలేసి నిమ్మకాయ పీకి, పంటితో కొరికి, పట్టుకోసం రెండో చెయ్యి సీటు మీద ఆనించి రుద్దాను. మరక పోతుంటే ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

చాచా తిరిగొచ్చాడు. సీటు చూశాడు. నా చేతిలో నిమ్మచెక్క చూశాడు.

“ఏం జేసినవ్?”

“పసుపు మరక చాచా. తీసేసిన.”

“పసుపు గాదు.” ఆయన కారు అంచు పట్టుకున్నాడు. “మెహందీ. పెండ్లినాడు ఇంక సరిగ ఆరనేలే. బండి కదలంగనే భయపడి సీటు పట్టుకున్నది. ఆమె చెయ్యి అది.”

సీటు వైపు చూశాను. అరచెయ్యి పోయింది, వేళ్లూ పోయాయి. చిటికెన వేలు ఒక్కటే మిగిలింది. కాళ్ల మీద పడదామని వంగితే చాచా భుజం పట్టి లేపాడు.

“బతికినన్ని దినాలు ‘ఆ మరక తుడువు, నలుగురు సూస్తే సిగ్గు’ అని నా పానం తిన్నది,” అన్నాడు. “నేను తుడువలే. ఆమె మాట నువ్వు విన్నవ్.”

ఆయన నవ్వుతున్నాడు, కళ్లలో మాత్రం నీళ్లున్నాయి. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు కనిపించింది నా రెండో చెయ్యి చేసిన ఘనకార్యం. పొద్దున్నంతా పసుపులో మునిగిన చెయ్యి నిమ్మరసంతో తడిసి, బేగం చిటికెన వేలి పక్కనే ఐదు వేళ్లతో సహా పచ్చగా అచ్చుపడింది.

“ఎండకు పెడితే పోతది చాచా,” అన్నాను సన్నగా.

“పెడితే ఆమె వేలు గూడ పోతది. ఉండనీ.”

ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ చాచా వేలు పెట్టి మరీ చూపిస్తాడు: “గిది మా బేగం వేలు. గిది జక్రాన్‌పల్లి గాడిది చెయ్యి.”

మరక ఏ రంగుదైనా సరే, అది ఎవరిదో అడగనిదే తుడవనని ఆ చిటికెన వేలి సాక్షిగా ప్రమాణం చేశాను. గోదాములో ఉన్నంతసేపు నా చేతులు రెండూ జేబుల్లోనే ఉంటాయి. చాచా చాయ్ పోసినా సరే, గుమ్మం దాటాకే బయటికి తీస్తాను.