రేకుల హాలుతో పెట్టిన పరీక్ష

ఆయనంటే నాకు ఇప్పటికీ పడదు. స్నేహం కొద్దీ రాస్తున్నానని ఎవరూ అనుకోకూడదని ముందే చెబుతున్నాను.

విజయనగరం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో ఇద్దరం ఎలక్ట్రానిక్స్ చెప్పేవాళ్లం. శ్రీకాకుళం నుంచి ఒకే కాలేజీ బస్సులో వచ్చి, స్టాఫ్ రూములో వీపులు తిప్పుకుని కూర్చునేవాళ్లం. పరిశోధన కూడా ఒకటే, అడాప్టివ్ ఫిల్టర్లు. ప్రతిధ్వని ఏయే దారుల్లో తిరిగి వస్తోందో, తన తప్పు తాను దిద్దుకుంటూ కనిపెట్టే లెక్క అది.

ఆయనది చేపలవేట కుటుంబం. ధ్యాసంతా నీళ్లలో శబ్దం మీదే. అక్కడ ప్రతిధ్వని ఏవో కొన్ని చోట్లే వస్తుంది, మిగతాదంతా ఖాళీ. అలాంటిదాన్ని స్పార్స్ సిస్టమ్ అంటాం. ఆయన అల్గారిథమ్ ఆ కొద్ది చోట్లకే దిద్దుబాటు ఎక్కువగా పంచేది. అందుకే మామూలుదానికన్నా త్వరగా కుదురుకునేది.

ఒక మధ్యాహ్నం, నా పద్ధతిని వేరేవాళ్ల పద్ధతితో పోల్చి రాసిన నా పేపరు చూసి, క్యారేజీ మూత పెడుతూ అందరి ముందూ అన్నారు: "ఏటి మాస్టారూ, మీదానికి స్టెప్ సైజు మార్సి మార్సి సూసుకున్నారు. పక్కోడిదానికి పుస్తకంలో ఉన్నదే ఎట్టీసారు. కాళ్లు కట్టీసి కుస్తీకి దించినట్టున్నాది."

స్టెప్ సైజు అంటే ఒక్కో విడతలో ఎంత దిద్దుకోవాలో చెప్పే అంకె. ఆయన అన్నది నిజం. అందరూ నవ్వడంతో ఒళ్లు మండిపోయింది.

తర్వాత ఆయన పీహెచ్‌డీ సెమినారు వచ్చింది. కమిటీ ఒప్పుకుంటేనే థీసిస్, థీసిస్ ఉంటేనే ఉద్యోగం అని యాజమాన్యం తేల్చి చెప్పేసింది. ఆయన గ్రాఫులన్నీ బాగానే వచ్చాయి. అప్పుడు నేను లేచాను.

"ఇవన్నీ కంప్యూటర్లో తయారుచేసుకున్న దారులు. మన మీటింగు హాల్లో నేను రికార్డు చేసిన ప్రతిధ్వని ఉంది. దానిమీద నడపండి."

"రేకుల హాలు మాస్టారూ అది. మోత అంతటా ఉంటాది. స్పార్స్ కాదు. నా పద్ధతి దానికోసం కాదు."

"అయితే పనిచెయ్యదని ఒప్పుకున్నట్టేనా?"

నడపక తప్పలేదు. తప్పు తగ్గేకొద్దీ గీత కిందికి దిగాలి. మామూలు అల్గారిథమ్ గీత దిగిపోయింది, ఆయనది పైనే వేలాడింది.

"వంకాయల బుట్టలో సేపలెతికి, లేవంటే నేనేటి సెయ్యను!" అని అరిచారు. ఈసారి గదంతా ఆయన్ని చూసి నవ్వింది. కమిటీ వెనక్కి పంపింది. ఆ ఏడాది చివర ఉద్యోగం పోయింది.

ఆ సెమినారుకు ముందే నేను ఆయనదాన్నీ మామూలుదాన్నీ నడిపి చూసుకున్నాను. మామూలుదానికి కూడా ఉన్నవాటిలో మంచి స్టెప్ సైజు వెతికి మరీ పోల్చాను. స్పార్స్ దారుల్లో ఆయనదే గెలిచింది. హాల్లో మాత్రం ఓడింది. అందుకే హాలు ఫైలొక్కటే పెన్‌డ్రైవులో వేసుకుని వెళ్లాను.

కొన్నేళ్లకు శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో కనిపిస్తే ఇదంతా చెప్పాను. ఆయన నా మొహం కూడా చూడలేదు.

"నాకెందుకు సెప్తన్నారు? నాకు తెలీదేటి? ఆ గదిలో నవ్వినోళ్లకి సెప్పండి," అని పలాస బస్సెక్కేశారు. అంత పొగరు.

ఆ రోజు నవ్వినవాళ్లు ఇప్పుడు తలో కాలేజీలో ఉన్నారు. వాళ్లకే ఇది. ఆయన పద్ధతిలో తప్పు లేదు. తప్పు పరీక్షలో ఉంది. పెట్టింది నేను.